రెండున్నర అంగుళాలు

పినపాక,
18-11-1986

చిరంజీవి బసవపున్నయ్యకు,

నీకూ నిర్మలకూ క్షేమమని తలుస్తాను. నిర్మలకు ఐదో నెల కాబట్టి బరువు బిందెలు ఎత్తనివ్వొద్దని మీ అక్క రాయమంది.

నాకు ఉత్తరాలు రాయడం సరిగా రాదు. పని పడింది కనుక రాస్తున్నాను. పంపుసెట్ల సంగతి అయితే నేనే చూసుకునేవాణ్ణి. ఇది కారు సంగతి. నువ్వు ఆటోనగర్‌లో చేసే పనే ఇది.

ఆపరేషను అయ్యాక మీ అక్కకు నడుము కింద పట్టు రాలేదని నీకు తెలుసు. ఖమ్మం డాక్టరు వెన్నులోకి ఎనిమిది ఇంజక్షన్లు రాశాడు. పదిహేను రోజులకు ఒకటి. వరుస తప్పకుండా ఎనిమిదీ పూర్తయితే కూర్చుంటుందని అన్నాడు. మధ్యలో ఆపితే చేసిందంతా వృథా అట. రెండు అయ్యాయి. మొదటిసారి జీపులో తీసుకెళ్ళాను. వరదకు కోసుకుపోయిన రోడ్డును బొగ్గు లారీలు ఇంకా దున్నిపెట్టాయి. అశ్వాపురం దాటకముందే ఆమెకు స్పృహ తప్పింది. అందుకని మణుగూరులో ఒక కాంట్రాక్టరు దగ్గర పాత ఫియట్ కొన్నాను. అరవై ఏడో సంవత్సరం బండి. ఇంజను నేనే విప్పి బాగుచేశాను.

ముందు ఎడమ సీటు తీసేసి, డ్యాష్‌బోర్డు నుంచి వెనక సీటు దాకా పలక పరిచాను. దాని మీద పరుపు. ఇంటి అరుగు మీది నుంచి పలకతో సహా బండిలోకి జరుపుతాం. ఖమ్మంలో దవాఖానా అరుగు మీదికి జరుపుతాం. కాని ఆ అరుగు కన్నా బండి రెండున్నర అంగుళాలు ఎత్తు. పలక ఒక పక్కకు వాలినప్పుడల్లా ఆమె కేక పెడుతుంది. అందుకని బండినే కిందికి దించాను. ముందు స్ప్రింగులు ఒకటిన్నర చుట్టు కోశాను. వెనక కమాను పట్టీల వంపు తగ్గించాను. కొలత సరిగ్గా కుదిరింది. పలక ఇప్పుడు వాలడం లేదు.

ఐతే కొత్త బాధ వచ్చింది. చిన్న గుంతలో పడినా నాలుగు మూలలా సమ్మెటతో కొట్టినట్టు దెబ్బ. షాకబ్జర్లు విప్పి చూశాను. నూనె కారడం లేదు. దోషం ఎక్కడుందో రాయి. మూడో ఇంజక్షను రెండు వారాల్లో ఉంది.

ఆశీర్వదిస్తూ,
వెంకటప్పయ్య


విజయవాడ,
26-11-1986

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం నిర్మలే విప్పి చదివింది. మీ దగ్గర్నుంచి రెండు పేజీల ఉత్తరం రావడం మా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారని కవరు కూడా దాచుకుంది.

ఇక్కడ బందరు రోడ్డు మీద కాలేజీ కుర్రాళ్ళు స్ప్రింగులు కోయించుకుని, నేలకు రాసుకుంటూ తిరుగుతున్నారు. మా బావ కూడా కోశాడని మా రామన్న మేస్త్రికి చెప్పాను.

"మీ బావకి వయసెంతరా?"

"యాభై నాలుగు."

"మీసాలకి రంగేస్తున్నాడేమో కనుక్కో!"

షెడ్డంతా నవ్వింది. ఎందుకు కోశారో చెప్పాక మేస్త్రి నవ్వలేదు. మీ ఉత్తరం రెండోసారి చదివించుకున్నాడు. "ఇంటరుగు మీద ఇటుకలు పేర్చొచ్చు, ఆస్పత్రి అరుగు ఎవడు ఎత్తుతాడు, మంచి పనే చేశాడు" అన్నాడు. గ్యాసు మంటతో కోశారా అని మాత్రం అడగమన్నాడు. మంట తగిలితే స్ప్రింగు చచ్చిపోతుంది.

దోషం ఇది. బండి రెండున్నర అంగుళాలు దిగింది. షాకబ్జరు పాత పొడవుదే. దాని కడ్డీ నిలబడి ఉండగానే రెండున్నర అంగుళాలు లోపలికి పోయి కూర్చుంది. ఇంక కదలడానికి చోటేది? గుంత రాగానే లోపలి అడుగుకు తగులుతుంది. మీరు వినే సమ్మెట అదే. ఇంకొకటి, జాకీ మీద చక్రం వేలాడదీసి చూడండి. పొట్టి స్ప్రింగు తాను కూర్చునే గిన్నెలో వదులుగా ఆడితే ఒకరోజు అది జారి బయటికి వస్తుంది. షాకబ్జరు పొట్టిదైతే చక్రాన్ని అంత దిగనివ్వదు.

పొడవు ఒక్కటే చాలదు. కోసిన స్ప్రింగు మెత్తబడదు, గట్టిపడుతుంది. దాని తన్నుడును పట్టుకునే బిగువు షాకబ్జరులో ఉండాలి. ఆ బిగువు మోసే బరువును బట్టి పెట్టాలి. కాబట్టి మూడు సంగతులు రాయండి. బండి నిలబడినప్పుడు పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య దూరం. చక్రం వేలాడినప్పుడు అదే దూరం. బండిలో ఎవరెవరు, ఎక్కడ, ఎంతెంత బరువు.

అక్కను చూసి ఆరు నెలలైంది. వస్తానంటే ఒప్పుకోవడం లేదు. మంచాన ఉన్న మనిషిని చూసి కడుపుతో ఉన్నదాని దగ్గరికి పోకూడదట. నిర్మలకు పురుడు వెళ్ళేదాకా గడప తొక్కొద్దని ఒట్టు వేసింది. మీరైనా చెప్పండి బావా.

మీ
బసవపున్నయ్య


పినపాక,
4-12-1986

చిరంజీవి బసవపున్నయ్యకు,

స్ప్రింగులు రంపంతో కోశాను. తడిగుడ్డ వేస్తూ మూడు రోజులు కోశాను. మంట పెట్టలేదు.

కొలతలు వేరే కాగితం మీద రాశాను. నాలుగు చక్రాలవీ విడివిడిగా ఉన్నాయి. మూడుసార్లు కొలిచాను. నువ్వు చెప్పినట్టే స్ప్రింగు గిన్నెలో ఆడుతోంది. ప్రస్తుతానికి ఇనుప తీగతో కట్టాను.

మనుషులు నలుగురం. నేను అరవై ఐదు కిలోలు. మీ అక్క యాభై ఎనిమిది, దవాఖానా చీటీలో ఉంది. జమ్లి యాభై ఉంటుంది. పక్క తండా మనిషి, మీ అక్కను చూసుకునేది ఆమే. ఆమె పెనిమిటి మంగీలాల్ పలక పట్టడానికి వస్తాడు. అతను ఎనభై పైనే. భార్యాభర్తలిద్దరూ వెనక కుడివైపు ఇరుక్కుని కూర్చుంటారు. మీ అక్క తల వెనక సీటు వైపు.

మూడో ఇంజక్షను అయింది. నువ్వు వచ్చే సంగతి చెప్పాను. "ఏందయ్యా, వాడికి బుద్ధి లేకపోతే నీకు లేదా? బిడ్డ బయటపడ్డాక వచ్చి ఎన్నాళ్ళైనా ఉండమను. అప్పటికి నేను కూర్చుని అన్నం పెడతా" అంది. ఆమె మాట కాదనడం నాకు చేతకాదు. ఆగు.

ఆశీర్వదిస్తూ,
వెంకటప్పయ్య


విజయవాడ,
30-12-1986

బావగారికి,

నాలుగు షాకబ్జర్లూ బస్సు పార్సిలులో వేశాను. మణుగూరు డిపోలో తీసుకోండి. కడ్డీలూ గొట్టాలూ తగ్గించి, నూనెను అడ్డే లోపలి రేకులు మార్చి, చిక్కని నూనె పోశాం. నలుగురి బరువుకు సరిపడా బిగించాం. వెనకవి ఇంకా గట్టిగా బిగించాం. మీ మంగీలాల్ ఒక్కడే ఇద్దరు కదా.

ప్రతి కడ్డీకీ సైకిలు ట్యూబు ముక్కతో రబ్బరు రింగు తొడిగాను. బయల్దేరే ముందు దాన్ని గొట్టం అంచుకు నెట్టండి. ఖమ్మం చేరాక ఎంత జరిగిందో కొలిచి రాయండి. కడ్డీ ఎంత ఆడిందో అదే చెబుతుంది. రెండంగుళాల దగ్గర ఉంటే స్ప్రింగుకూ షాకబ్జరుకూ జోడీ కుదిరినట్టే.

రామన్న మేస్త్రి కూలి తీసుకోలేదు. మీ కొలతల కాగితం మాత్రం గోడకు అంటించుకున్నాడు. "మీ బావ దగ్గర నేర్చుకోండ్రా, కొలవడమంటే ఇదీ" అని మమ్మల్ని తిడుతున్నాడు. మీ మంచితనం మాకు తిట్లుగా వస్తోంది.

అక్క ఎలా ఉందో ఒక్క ముక్క రాయండి. బండి గురించి రెండు పేజీలు రాస్తారు, మనిషి గురించి రెండు వాక్యాలు.

మీ
బసవపున్నయ్య


పినపాక,
20-1-1987

చిరంజీవి బసవపున్నయ్యకు,

పార్సిలు చేరింది. ఒకరోజులో బిగించాను. స్ప్రింగు ఇప్పుడు గిన్నెలో ఆడడం లేదు. సమ్మెట దెబ్బలు పూర్తిగా పోయాయి. మలుపుల్లో బండి ఊగడం లేదు. కొత్త షాకబ్జర్లతో రెండుసార్లు ఖమ్మం వెళ్ళివచ్చాం. ఆరు ఇంజక్షన్లు అయ్యాయి.

రబ్బరు రింగుల లెక్క రెండుసార్లూ ఒకటే వచ్చింది. ముందు కుడి ఒకటిముప్పావు. ముందు ఎడమ ఒకటింబావు. వెనక రెండూ అర అంగుళం.

మీ అక్క బాగానే ఉందంది. దిగాక అడిగాను. "మంచిగుంది, వాడి చేతిపని కదా" అంది. జమ్లి మాత్రం ఊరుకోలేదు. "ఏంది సారూ, బండికి కొత్త కాళ్ళొచ్చినయంటివి, గివి కట్టె కాళ్ళు గద!" అన్నది. మీ అక్క, "నువ్ ఊకో జమ్లీ, నీది కారెక్కిన మొఖమేనా?" అంది. జమ్లి నోటికి హద్దు లేదు. మీ అక్క చెప్పిందే నేను రాస్తున్నాను.

అటువైపు చలి ఎలా ఉంది? ఇక్కడ పొద్దున పూట ఇంజను పట్టుకోవడం లేదు. నిర్మల జాగ్రత్త.

ఆశీర్వదిస్తూ,
వెంకటప్పయ్య


ఆటోనగర్, విజయవాడ,
29-1-1987

బావగారికి,

ఇది షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. నిర్మలకు తెలియదు.

మీ లెక్క రామన్న మేస్త్రికి చూపించాను. ఆయన కాగితం తిప్పి తిప్పి చూసి, "వెనక అరంగుళమా? వెనక మనుషులు లేరురా. ఖాళీ బండి తోలాడు" అన్నాడు. మా బావ కొలత తప్పు కొలవడని వాదించాను. "కొలత తప్పని నేననలేదు, బండి ఖాళీ అన్నాను" అన్నాడు. ఆ మాట నాలుగు రోజులుగా నన్ను తినేస్తోంది.

మేం కట్టిన బిగువు వెనక నూట ఎనభై కిలోలు పైబడిన బరువుకు. మంగీలాల్, జమ్లి, మా అక్క వెనక ఉంటే ఆ రోడ్డు మీద కడ్డీ అర అంగుళమే ఆడడం జరగని పని. పైగా రెండుసార్లూ ఒకటే లెక్క అంటున్నారు. నేను పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను బావా. ఇనుము నాతో అబద్ధం చెప్పదు.

అడగక తప్పదు. అక్కను తీసుకెళ్ళడం మానేశారా? ఒక్కరే వెళ్ళి మందులు తెచ్చి, ఆరు అయ్యాయని రాస్తున్నారా? నన్ను రానివ్వకపోవడం కూడా అందుకేనా? ఒట్టు అక్క వేసిందా, మీరు వేయించారా? మీరు తక్కువ మాట్లాడతారని మా ఇంట్లో అందరికీ గౌరవం. ఇప్పుడు ఆ తక్కువ మాటల్లో ఏం దాచారోనని భయంగా ఉంది.

తప్పుగా అడిగి ఉంటే చెప్పుతో కొట్టండి. సమాధానం మాత్రం షెడ్డు చిరునామాకే రాయండి.

బసవపున్నయ్య


పినపాక,
6-2-1987

బసవపున్నయ్యకు,

బండి ఖాళీ కాదు. మీ అక్క అందులోనే ఉంది.

దవాఖానా చీటీ జతపరిచాను. జనవరి పదిహేడో తారీకుది. చదువు. ముప్ఫై ఒక్క కిలోలు. నేను రాసిన యాభై ఎనిమిది కిందటి మే నెల చీటీలోది. దీపావళికే నలభై అయింది. అప్పటి నుంచి మంగీలాల్‌తో పని పడలేదు. పలక అవతలి కొసను జమ్లి ఒక్కతే అవలీలగా పట్టేస్తుంది. డిసెంబరులో నీకు ఉత్తరం రాసేటప్పటికి మంగీలాల్ మాతో వచ్చి నెల దాటింది.

నీ ఉత్తరాలు నిర్మల విప్పుతుందని రాశావు. కడుపుతో ఉన్న ఇంటికి చెడ్డ మాట రాయొద్దని మీ అక్క చెప్పింది. పక్కన పడుకుని నేను రాసేది వింటూ ఉంది. "యాభై ఎనిమిదని వెయ్యి. మంగీలాల్‌ను వెయ్యి. మనిషి రావడం లేదంటే ఎందుకని అడుగుతాడు" అంది. వేశాను. ఇనుముకు అబద్ధం తెలిసిపోతుందని అప్పుడు తోచలేదు. ఇంజన్లతో బతికినవాణ్ణి, నాకు తోచి ఉండాల్సింది.

జమ్లి కట్టె కాళ్ళంటే నేను కోపగించుకున్నాను. మొన్న మీ అక్క తువ్వాలు ఉతికేటప్పుడు చూశాను. అంచు పొడుగునా పళ్ళ గాట్లు ఉన్నాయి. దారి పొడుగునా దాన్ని కొరుకుతూనే వచ్చింది. నేను ముందు కూర్చుని, సమ్మెట దెబ్బలు లేవు కదా అని సంతోషిస్తూ నడిపాను.

జనవరి ముప్ఫైన వెళ్ళవలసింది. బండి ఎక్కనంది. ఎన్ని చెప్పినా వినలేదు. ఏడో ఇంజక్షను తప్పిపోయింది.

నీ ప్రశ్నకు నాకు కోపం లేదు.

వెంకటప్పయ్య


ఆటోనగర్, విజయవాడ,
1-3-1987

బావగారికి,

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. రాయడానికి మొహం చెల్లలేదు. చీటీ రామన్న మేస్త్రికి చూపించాను. ఆయన గోడ మీది కొలతల కాగితం తీసి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున షెడ్డు తెరవకముందే వచ్చి కూర్చున్నాడు.

మా అక్కను నా చేతులతోనే కుదిపి కుదిపి పెట్టాను బావా. మంగీలాల్ కోసం బిగించిన బిగువు ముప్ఫై ఒక్క కిలోల మనిషి వెన్నులోకి పోయింది. ఆ బరువుకు కడ్డీ కదలదు. రోడ్డు ఎంత ఉంటే అంతా ఆమెకే తగులుతుంది.

కొత్త జోడీ పంపుతున్నాను. ఇవి మేస్త్రి నన్ను ముట్టుకోనివ్వలేదు, తనే కట్టాడు. రేకులు పల్చనివి, నూనె పల్చనిది. వెనక కమానుల్లోంచి ఒక్కో పట్టీ తీసేయండి. తీసినందుకు బండి ఎంత దిగితే అంత మందం చెక్కబిళ్ళ పెట్టి ఎత్తు సరిచేయండి. అక్క, జమ్లి, మీరు. ముగ్గురి బరువు మేస్త్రి రెండుసార్లు లెక్క వేశాడు.

ఏడోది తప్పితే తప్పింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమని డాక్టరును అడగండి. ఎనిమిది కాకపోతే పదహారు. నిర్మలకు నెలలు నిండాయి. నేను పదిహేనున వస్తున్నాను, ఒట్టు తీసి గట్టు మీద పెట్టమనండి. తను పెట్టకపోతే నేను పెడతాను.

మీ
బసవపున్నయ్య


విజయవాడ,
13-3-1987

బావగారికి,

నిన్న సాయంత్రం నిర్మలకు ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. పది రోజులు ముందే వచ్చింది. పురుడు కాబట్టి పదిహేనున రాలేను. మా అత్తగారు నన్ను వీధి గడప దాటనిచ్చేలా లేరు. ఇరవై రెండున స్నానం. ఇరవై మూడు పొద్దున మొదటి బస్సు నాదే. అక్కతో చెప్పండి, మేనకోడలికి ముక్కు ఆమెదే. తిట్టుకోవద్దని చెప్పండి.

మెత్తటివి బిగించారా? అక్క ఏమంది? ఆమె మాట కాదు, జమ్లి మాట రాయండి.

మీ
బసవపున్నయ్య


పినపాక,
17-3-1987

చిరంజీవి బసవపున్నయ్యకు,

ఆడపిల్ల పుట్టినందుకు సంతోషం. నిర్మలకు పథ్యం జాగ్రత్త.

షాకబ్జర్లు ఎనిమిదిన బిగించాను. పట్టీలు తీసి చెక్కబిళ్ళ పెట్టాను. ఎత్తు మారలేదు. పదో తారీకున ఖమ్మం వెళ్ళివచ్చాం. వెనక రింగులు రెండంగుళాలకు అరపావు తక్కువ జరిగాయి. పాల్వంచ దగ్గర రోడ్డు పూర్తిగా లేదు. అక్కడ కూడా శబ్దం లేదు. జమ్లి మాట రాయమన్నావు. కొత్తగూడెం దాటాక నా భుజం తట్టి, "సారూ, జల్దీ పోకు. అక్క నిద్రపోయింది" అన్నది. వెళ్ళేటప్పుడు గంటన్నర, వచ్చేటప్పుడు ఇంచుమించు దారంతా నిద్రపోయింది.

రామన్న మేస్త్రికి నా నమస్కారం చెప్పు.

ఆశీర్వదిస్తూ,
వెంకటప్పయ్య


పినపాక,
22-3-1987

బసవపున్నయ్యకు,

ఈ ఉత్తరం పొద్దున బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. సాయంత్రం, నీకు స్నానం అయ్యాక ఇవ్వమని చెప్పాను. కూర్చుని చదువు. నిర్మలకు ఇప్పుడే చెప్పకు.

మీ అక్క పద్నాలుగో తారీకు శనివారం పొద్దున పోయింది.

పదిహేడున నీకు రాసిన ఉత్తరంలో ఉన్నదంతా నిజమే. కాని అప్పటికి మూడు రోజులైంది. పదో తారీకున డాక్టరు చూసి ఇంజక్షను చేయలేదు. ఇక తీసుకురానవసరం లేదన్నాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామని, నువ్వు రాసినట్టే అడిగాను. డిసెంబరు నుంచే ఈ షాకబ్జర్లు ఉండి, వరుస తప్పకుండా ఎనిమిదీ పడి ఉంటే కూర్చునేదా అని కూడా అడిగాను. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. కుళాయి కట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు. నేను మీ అక్క దగ్గరికి వచ్చేశాను.

పురుడు వెళ్ళేదాకా నీకు రాయొద్దని మీ అక్క చివరగా చెప్పింది. "పిల్ల పుట్టే ఇంట్లో నా పేరు చెప్పి ఏడవొద్దు" అంది. నీ ఉత్తరం పదహారున వచ్చింది. పిల్ల పుట్టిందని తెలియకుండానే పోయింది. నువ్వు చూడకుండా దహనం చేసినందుకు నన్ను ఏమన్నా పడతాను. ఆమె చెప్పిందని నేను రాయని వాటిలో ఇది రెండోది. మొదటిది రాసి ఉంటే ఏమయ్యేదో తొమ్మిది రోజులుగా ఆలోచిస్తున్నాను. చివరికి ఎటూ తేలదు. డిసెంబరులో ఆ కాగితం మీద ఒక్క అంకె సరిగా వేయడమే నేను చేయవలసిన పని. మూడుసార్లు కొలిచే మనిషిని, ఆ అంకె ఒక్కసారి కూడా సరిగా వేయలేదు.

ఖమ్మం నుంచి వచ్చేటప్పుడు ఒకసారి లేచింది. "ఎక్కడిదాకా వచ్చాం?" అంది. అశ్వాపురం అన్నాను. "అప్పుడేనా?" అని మళ్ళీ పడుకుంది. నేను ఆపకుండా నడిపాను. ఆపి మాట్లాడి ఉండవలసింది.

మూడో రోజున అస్థికలు పర్ణశాల రేవుకు తీసుకెళ్ళాం. మా పిచ్చయ్య అన్నయ్యా, మంగీలాల్, ఇంకొక మనిషీ బండి ఎక్కారు. ఎక్కగానే వెనక భాగం కూలబడి టైర్లు రేకుకు తగిలాయి. "ఏందిరా, గిది బండా, ఉయ్యాలా?" అన్నాడు అన్నయ్య. అందరూ దిగి ట్రాక్టరులో వచ్చారు. నేను ఒక్కణ్ణే నడుపుకుంటూ వెళ్ళాను. తిరిగి వచ్చాక పాత షాకబ్జర్లు పెట్టమని అన్నయ్య అన్నాడు. అవి కొట్టంలోనే ఉన్నాయి. పానా తీసుకుని బండి కిందికి దూరాను. విప్పలేక బయటికి వచ్చాను. ఇక విప్పను.

ఇరవై నాలుగున పదకొండో రోజు. నువ్వు వస్తావు. మణుగూరుకు బండి తెచ్చి ఎక్కించుకుందామంటే, ఆ రోజు కుంగిన కమాను మళ్ళీ లేవలేదు, నీ బరువు ఆగదు. పినపాక బస్సు పట్టుకో. స్టేజి దగ్గర దిగు. నేను నడిచి వచ్చి అక్కడ నిలబడతాను.

వెంకటప్పయ్య